ఎస్పెరాంతోలో ఈ "న్" ఎక్కడ పెట్టాలి, ఎక్కడ వద్దు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎస్పెరాంతో (వేర్వేరు భాషలవాళ్లు మాట్లాడుకోవడానికి తయారుచేసిన కృత్రిమ భాష) వ్యాకరణం మొత్తం 16 నియమాలే, మినహాయింపులు లేవు అని చదివి నేర్చుకోవడం మొదలుపెట్టాను. చాలావరకు హాయిగానే ఉంది, నామవాచకం చివర "ఓ", విశేషణం చివర "ఆ", క్రియకి ఇప్పుడైతే "ఆస్", అయిపోయిందైతే "ఈస్", జరగబోయేదైతే "ఓస్", ఎవరు చేసినా క్రియ మారదు. కానీ కర్మకి చేర్చే "న్" దగ్గర ఆగిపోయాను. నేను పుస్తకం చదువుతున్నాను అనడానికి "మి లెగాస్ లిబ్రో" తప్పట, "లిబ్రోన్" అనాలట. మంచి పుస్తకాలు చదువుతున్నాను అనాలంటే విశేషణానికి కూడా బహువచనం, "న్" రెండూ తగిలించి "బోనాయ్న్ లిబ్రోయ్న్" అనాలి. పైగా 8వ నియమం ప్రిపొజిషన్ ("సుర్" అంటే మీద, ఇలాంటి మాటలు) తర్వాత ప్రథమా విభక్తే, అంటే "న్" లేని రూపమే అంటుంది, ఎక్కడో "సుర్ లా టాబ్లోన్" అని కనిపిస్తుంది. ఇది మినహాయింపు కాదా?

జవాబు 1:
కాదండీ, అది 13వ నియమం. ఎటువైపు కదులుతోందో చెప్పడానికి "న్" వాడతారు. "లా కాటో సాల్టాస్ సుర్ లా టాబ్లో" అంటే పిల్లి బల్ల మీదే ఉండి గెంతుతోంది, "టాబ్లోన్" అంటే బల్ల మీదికి గెంతుతోంది. మనకి "మీద", "మీదికి" వేరువేరు కాబట్టి ఇది తెలుగువాళ్లకి తొందరగానే పట్టుబడుతుంది. "అల్" (వైపుకి) లాంటి మాటలోనే దిశ ఉంది కాబట్టి దాని తర్వాత "న్" రాదు, ఇంటికి అనడానికి "అల్ లా డోమో" చాలు.

ఇక "లిబ్రోన్" దగ్గర మనం ఎందుకు తడబడతామంటే, ప్రాణం లేనివాటికి "ను" వదిలేయడం మనకి అలవాటు. "పుస్తకం చదివాను" అంటాం, మనిషి దగ్గరికి వచ్చేసరికి "రాముణ్ణి చూశాను" అనే అంటాం. ఎస్పెరాంతోలో ఆ తేడా లేదు. రాసేటప్పుడు మనసులో "పుస్తకాన్ని" అనుకుని చూడండి, అలా అనగలిగిన చోటల్లా దాదాపుగా "న్" వస్తుంది. "ఎస్తాస్" (ఫలానా అయి ఉంది అని చెప్పే క్రియ) తర్వాత మాత్రం రాదు, అక్కడ కర్మే లేదు కదా.

జవాబు 2:
విశేషణం సంగతి నేను చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని అనవసరపు బరువు అనుకుంటారు, నాకు అది అస్సలు ఒప్పుకోబుద్ధి కాదు. "మి ఫార్బిస్ లా రుజాన్ డోమోన్" అంటే ఎర్రగా ఉన్న ఇంటికి రంగేశాను. "మి ఫార్బిస్ లా డోమోన్ రుజా" అంటే ఇంటికి రంగేసి ఎర్రగా చేశాను. రెండో వాక్యంలో "రుజా"కి "న్" లేదు, అర్థం మొత్తం అక్కడే మారిపోయింది.

ఈ గొడవ కొత్తది కాదు కూడా. 1887లో భాషని ప్రకటించిన జామెన్‌హోఫే 1894లో కర్మ విభక్తినీ విశేషణానికి వచ్చే ఈ మార్పులనీ తీసేద్దామని ప్రతిపాదించాడు, అప్పటి ఎస్పెరాంతో పత్రిక చందాదారులు ఓటేసి వద్దన్నారు. తర్వాత ఎస్పెరాంతోని మార్చి 1907లో తెచ్చిన ఇడో భాషలో విశేషణం మారదు, కర్మ కర్త కంటే ముందొస్తేనే "న్" పెడతారు. తేలికే, కాదనను. కానీ మాటల్ని అటూఇటూ మార్చి రాసే స్వేచ్ఛ ఎస్పెరాంతోలో ఉన్నంత సాఫీగా నాకు ఇడోలో అనిపించదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ థ్యాంక్స్, "మీదికి" ఉదాహరణతో స్పష్టమైంది. ఇంకొక్కటి, "ఓల్" (కన్నా) తర్వాత ఏం చేయాలి?

జవాబు 1:
అర్థాన్ని బట్టి రెండూ వస్తాయి. "మి అమాస్ షిన్ ప్లి ఓల్ లి" అంటే అతను ఆమెని ప్రేమించేదానికన్నా నేను ఎక్కువ ప్రేమిస్తున్నాను. "ఓల్ లిన్" అంటే నాకు అతని మీద ఉన్నదానికన్నా ఆమె మీద ప్రేమ ఎక్కువ. తెలుగులో "అతనికన్నా ఆమెని ఎక్కువ ప్రేమిస్తున్నాను" అంటే ఏ అర్థమో సందర్భం చూసుకోవాలి, ఇక్కడ ఒక్క అక్షరంతో తేలిపోతుంది. "ఓల్" తర్వాత పూర్తి వాక్యం రాసుకుని చూడండి, అందులో అతను చేసేవాడైతే "లి", కర్మ అయితే "లిన్".