3-4-3లో మధ్యన మనిషి తక్కువైతే ఏం చేయాలి?

విజయవాడలో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటలు చూసే మిత్రులకు ఒక ప్రశ్న. 2024-25 ప్రీమియర్ లీగ్‌లో 38 మ్యాచ్‌లకు 42 పాయింట్లు, 18 ఓటములు, 15వ స్థానం. కడుపు తరుక్కుపోతోంది.

అప్పటి కోచ్ అమోరిమ్ ఆడించిన 3-4-3లో వెనక ముగ్గురు, మధ్య వరసలో నలుగురు, ముందు ముగ్గురు. ఆ నలుగురిలో ఇద్దరు అంచుల్లో ఆడే వింగ్‌బ్యాక్‌లు కాబట్టి నడిమి మిడ్‌ఫీల్డ్‌కు ఇద్దరే. ఎదుటివాళ్ళు అక్కడ ముగ్గుర్ని పెడితే ఒకడు ఎప్పుడూ ఖాళీగా దొరుకుతాడు. వాణ్ణి పట్టడానికి వెనక ముగ్గురిలో ఒక సెంటర్‌బ్యాక్ ముందుకొస్తే వెనక సందు పడుతుంది. రాకపోతే వింగ్‌బ్యాక్‌లూ కిందికి దిగి ఐదుగురి గోడ అవుతుంది, బంతి చిక్కినా ముందు అందుకునేవాడుండడు. ఆ 38 లీగ్ మ్యాచ్‌ల్లో కొట్టిన గోల్స్ 44 మరి!

స్ట్రైకర్ వెనకున్న ఇద్దరిలో ఒకర్ని మధ్యకు దించి 3-5-2 చేస్తే ఈ లోటు తీరుతుందా? అప్పుడు అంచుల్లో వింగ్‌బ్యాక్‌కు తోడెవరు? కోచింగ్ అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.