నాలుగు స్టూడియోలకూ ఒకే మార్కు వస్తోంది, సైబర్ రిస్కును పోల్చేదెలా?

విశాఖ షట్టర్:
మిత్రులకు నమస్కారం. నిన్న సాయంత్రం నుంచి ఒకే ఎక్సెల్ షీట్ ముందు కూర్చున్నాను, లెక్క తెగడం లేదు. విశాఖలో నాలుగు చిన్న స్టూడియోల సైబర్ రిస్కును పక్కపక్కన పెట్టి, ఎవరిది ఎక్కువో ఎవరిది తక్కువో తేల్చాలి. గాజువాకలోది పాస్‌పోర్ట్ ఫోటోలు, జిరాక్స్, లామినేషన్ చేసే దుకాణం. ద్వారకానగర్‌లోది పూర్తిగా పెళ్లిళ్ల మీద నడిచేది. ఎంవీపీ కాలనీలోది పసిపిల్లల ఫోటోలు, బారసాలలు, అన్నప్రాసనలు. మధురవాడలోది స్కూళ్ల గ్రూప్ ఫోటోలు, ఐడీ కార్డులు. ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్), ఫిషింగ్ (నకిలీ సందేశాలతో వివరాలు రాబట్టడం), ఖాతా చోరీ, డేటా లీకు, పరికరం పోవడం అని వరుసలు పెట్టి, జరిగే అవకాశానికి ఐదుకు ఇన్ని, నష్టానికి ఐదుకు ఇన్ని మార్కులు వేసి గుణించాను. సగటు తీస్తే నాలుగింటికీ పదకొండు, పన్నెండు మధ్యే వస్తోంది. వెయిటేజీలు మార్చినా అంతే. జిరాక్స్ దుకాణానికీ, పెళ్లికి లక్షల్లో తీసుకునే స్టూడియోకీ ఒకే రిస్కు అంటే ఎవరు ఒప్పుకుంటారు? సరైన సూత్రం ఏదో తెలిసినవారు చెప్పగలరు. ఏ యాంటీవైరస్ మంచిదన్న చర్చ మాత్రం దయచేసి వద్దు.

పాత నెగెటివ్:
ఒరిజినల్ ఫైళ్లు ఎన్ని చోట్ల ఉన్నాయి? అది రాయకుండా సూత్రం అడిగి లాభం లేదు.

చట్టం చూడండి:
మీ పట్టికలో చట్టపరమైన బాధ్యత అనే వరుసే లేదు. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలను ప్రకటించారు, ప్రధాన బాధ్యతలు ఆ తరువాత పద్దెనిమిది నెలలకు అమల్లోకి వస్తాయి. తగిన భద్రతా చర్యలు తీసుకోనందువల్ల డేటా బయటకు పోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించే వీలుంది. చిన్న దుకాణానికి అంత వేస్తారని నేను అనడం లేదు, కానీ గరిష్ఠ పరిమితి అదీ అని తెలిసి ఉండాలి. ఈ చట్టం దృష్టిలో పద్దెనిమిదేళ్లు నిండనివారంతా పిల్లలే, వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. మధురవాడ స్టూడియోకు ఐడీ కార్డుల కోసం స్కూలు పంపే షీట్‌ను ఒకసారి తెరిచి చూడండి. పిల్లవాడి పేరు, తరగతి, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూప్, తండ్రి ఫోన్ నంబరు, ఇంటి చిరునామా, పక్క ఫోల్డర్‌లో ఫోటో. ఒక పసివాడిని గుర్తుపట్టి ఇంటి దాకా వెళ్లడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆ షీట్ వాట్సాప్‌లో వస్తుంది, కార్డులు అచ్చయిన తరువాత కూడా ఏళ్ల తరబడి అదే కంప్యూటర్‌లో ఉండిపోతుంది. నా దృష్టిలో మీ నాలుగింటిలో అత్యధిక రిస్కు దానిదే, ఇందులో లెక్క కట్టవలసింది కూడా ఏమీ లేదు.

లెక్కల పద్దు:
చట్టం చూడండి గారూ, ఐడీ కార్డుల పనిలో డేటా స్కూలుది. స్టూడియో స్కూలు తరఫున పనిచేసే ప్రాసెసర్ మాత్రమే. బాధ్యతను చట్టం ప్రధానంగా డేటా ఫిడ్యూషియరీ మీద, అంటే డేటాను దేనికి, ఎలా వాడాలో నిర్ణయించేవారి మీద, ఇక్కడ స్కూలు మీద పెట్టింది.

చట్టం చూడండి:
చట్టం ఎవరిని అడిగినా, కాంట్రాక్టు పోయేది స్టూడియోకే. పైగా బారసాల ఫోటోల విషయంలో ఎంవీపీ కాలనీ స్టూడియోయే ఫిడ్యూషియరీ అవుతుంది, అక్కడ మధ్యలో స్కూలు లేదు.

డాబాగార్డెన్స్ డిస్క్:
నేను పోయిన డేటాను తిరిగి తీసే పనిలో ఉన్నాను కాబట్టి, నా దగ్గరకు ఏం వస్తుందో చెబుతాను. రష్యా హ్యాకర్లు, పెద్ద కుట్రలు అని మీరు ఊహించుకునేవేవీ స్టూడియోల నుంచి రావు. వచ్చేది ఒక్కటే రకం, క్రాక్ చేసిన, అంటే లైసెన్సు కొనకుండా దొంగదారిన నడిపే ఫోటోషాప్, క్రాక్ చేసిన ఆల్బమ్ సాఫ్ట్‌వేర్, ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన ప్లగిన్. దాన్ని ఇన్‌స్టాల్ చేయాలంటే ముందుగా యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉంటుంది, ఆపేస్తారు. తెల్లారేసరికి ప్రతి ఫైలు పేరు చివర తెలియని నాలుగు అక్షరాలు, ప్రతి ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ ఫైలు ఉంటాయి. ఇది ఎక్కువగా స్టాప్ లేదా డీజేవూ అనే ర్యాన్సమ్‌వేర్ కుటుంబానిది, క్రాక్‌ల ద్వారానే ప్రధానంగా పాకుతుంది. ప్రతి ఫైలులో మొదటి 150 కేబీ ప్రాంతాన్ని మాత్రమే ఇది ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తెరవలేని రహస్య లిపిలోకి మారుస్తుంది. అందువల్ల పెళ్లి వీడియోల వంటి పెద్ద ఫైళ్లను కొన్నిసార్లు మరమ్మతు చేయగలం. జేపీజీ ఫోటోల విషయంలో ఆ ఆశ చాలా తక్కువ. మీ నాలుగు స్టూడియోల్లో ఎవరెవరు క్రాక్ వాడుతున్నారో రాసుకుంటే చాలు, ఆ వరుసే మీ రిస్కు వరుస. లైసెన్సుకు డబ్బు లేదనేవారు ఉచితంగా దొరికే జింప్, డార్క్‌టేబుల్, డావిన్చీ రిజాల్వ్ ఎందుకు నేర్చుకోరో నాకు అర్థం కాదు. జింప్‌లో ఇప్పుడు...

పాత నెగెటివ్:
జింప్ సంగతి వేరే చోట మాట్లాడుకోవచ్చు. నా ప్రశ్నకు జవాబు రాలేదు.

విశాఖ షట్టర్:
నేను అడిగింది పోల్చే సూత్రం, సాఫ్ట్‌వేర్ సలహా కాదు. క్రాక్ నలుగురిలోనూ ఉంది, కనుక దాని వల్ల తేడా రాదు. ఒరిజినల్స్ గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను, నలుగురికీ బ్యాకప్ ఉంది. కంప్యూటర్‌లో ఒకటి, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి. అది తనంతట తానే ఎక్కిపోతుంది.

డాబాగార్డెన్స్ డిస్క్:
అది బ్యాకప్ కాదు, సింక్.

విశాఖ షట్టర్:
ఇంట్లో ఒక కాపీ, బయట ఒక కాపీ ఉన్నప్పుడు దాన్ని ఏ పేరుతో పిలిస్తే ఏమిటి?

డాబాగార్డెన్స్ డిస్క్:
పేరుతో నాకూ పట్టింపు లేదు, అది చేసే పనితో ఉంది. కంప్యూటర్‌లో ఫైలు పాడైతే సింక్ ఆ పాడైన ఫైలునే పైకి పంపి, మంచిదాని స్థానంలో పెడుతుంది. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. పాత వెర్షన్లూ, చెత్తబుట్టా కొన్నాళ్లపాటు ఉంటాయి, నిజమే. కానీ వేల ఫైళ్లను ఒక్కొక్కటిగా వెనక్కి తిప్పుతూ కూర్చున్నవారిని చూస్తే మీరు ఈ మాట అనరు.

లెక్కల పద్దు:
ఇద్దరి మాటలోనూ కొంత ఉంది. డ్రైవ్‌లో అదనపు స్థలం కొని, వెర్షన్లు సరిగా నిలిపేలా అమర్చుకుంటే సింక్ కూడా ఉపయోగపడుతుంది. అయితే దానిని బ్యాకప్‌గా లెక్కలో వేయకూడదు. మూడు కాపీలు, రెండు వేర్వేరు పరికరాలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది కూడా ఒక అమెరికన్ ఫోటోగ్రాఫరే. మన వృత్తిలోంచి పుట్టిన నియమాన్ని మనమే పాటించకపోవడం నాకు బాధగా ఉంటుంది.

పాత నెగెటివ్:
వేరే చోట అంటే వేరే భవనం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఒకే బీరువాలో రెండు డిస్కులు పెట్టుకున్నవారికి రెండూ ఒకేసారి తడిశాయి.

డాబాగార్డెన్స్ డిస్క్:
తుపాను సైబర్ రిస్కు కిందికి రాదు.

పాత నెగెటివ్:
ఫోటోలు పోయిన పెళ్లివారికి ఆ తేడా లేదు.

లెక్కల పద్దు:
విశాఖ షట్టర్ గారూ, మీ అసలు ప్రశ్నకు వస్తాను. సూత్రం తప్పు కాదు, సగటు తప్పు. అవకాశం రెండు, నష్టం ఐదు అయితే గుణకారం పది. అవకాశం ఐదు, నష్టం రెండు అయినా పదే. మొదటిది ఎప్పుడో ఒకసారి జరిగి దుకాణాన్ని మూయించేది, రెండోది వారం వారం జరుగుతూ చికాకు పెట్టేది. ఆ రెండింటినీ ఒక అంకెగా చేసి, పైగా ఐదు వరుసల సగటు తీస్తే అందరూ మధ్యకే వచ్చి కూర్చుంటారు. ఐదుకు ఇన్ని అనే మార్కులు మొదటిది, రెండోది అనే వరుసను మాత్రమే చెబుతాయి. నాలుగు అనేది రెండుకు సరిగ్గా రెట్టింపని ఎవరూ కొలిచి చెప్పలేదు కదా. కనుక మార్కులు వదిలేసి, ఒక్కో స్టూడియోకు మూయించగల సంఘటన ఏది, అది జరిగితే ఎన్ని రూపాయలు, ఎన్ని రోజులు, ఏది తిరిగి రాదు అని మాటల్లో రాయండి. అప్పుడు తేడా కళ్లకు కడుతుంది.

గాజువాక దుకాణంలో ఫోటో పోతే మనిషిని మళ్లీ కూర్చోబెట్టి రెండు నిమిషాల్లో తీస్తారు. అక్కడి ప్రమాదం వేరు. కౌంటర్ మీది కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ రోజంతా తెరిచే ఉంటుంది, డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఊరందరి ఆధార్లు, పాన్ కార్డులు, మార్కుల జాబితాలు పోగుపడి ఉంటాయి. ప్రింట్ కోసం వచ్చినవారు స్క్రీన్ వైపు తల వంచితే ముందువారి ఆధార్ నంబరు కనిపిస్తుంది. వచ్చిన ప్రతి పెన్‌డ్రైవ్‌నూ గుచ్చుతారు, ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారే పాత వైరస్ ఇప్పటికీ అలాంటి చోట్ల నుంచే మిగతావారికి అంటుకుంటుంది. ఇక్కడ నష్టం దుకాణానిది కాదు, ఖాతాదారులది. అందుకే దుకాణదారుడు వేసే మార్కుల్లో అది తక్కువగా కనబడుతుంది.

ద్వారకానగర్ స్టూడియో రిస్కు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. తాళి కట్టిన క్షణాన్ని మళ్లీ తీయలేరు. ముహూర్తం రాత్రి కెమెరా మెమరీ కార్డులు ఖాళీ చేసినప్పటి నుంచి పెళ్లివారి చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చేదాకా సింక్‌ను లెక్కలో వేయకపోతే ఆ ఫైళ్లు లోకంలో ఒక్క కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఆల్బమ్ ఎంపిక ఆలస్యమైతే ఆ స్థితి నెలలు సాగుతుంది. మాఘంలో, శ్రావణంలో ముహూర్తాలు వరుసగా ఉన్నప్పుడు అలాంటి పెళ్లిళ్లు ఒకేసారి ఎన్ని పోగుపడ్డాయో లెక్కపెట్టండి. ఆ స్టూడియోకు రిస్కు కొలత అదే. దీనికి తోడు, ఎవరైనా వారి వాట్సాప్‌ను చేజిక్కించుకుని మిగిలిన డబ్బు ఈ నంబరుకు పంపండి అని పెళ్లివారికి సందేశం పెడితే, వారు మారుమాట లేకుండా పంపేస్తారు. అలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ.

ఎంవీపీ కాలనీ స్టూడియోకు బుకింగులు ఇన్‌స్టాగ్రామ్‌లోనే వస్తాయనుకుంటాను. ఆ ఖాతా పోతే దుకాణం బోర్డు పోయినట్టే. పసిపిల్లల ఫోటోలను లింక్ ఉన్నవారెవరైనా చూడగలిగేలా పంపుతున్నారేమో చూడండి. మధురవాడ గురించి చట్టం చూడండి గారు చెప్పిందానికి నేను చేర్చేదేమీ లేదు.

ఇంతకీ ఈ పోలిక దేనికి? ఎవరు ఏం నిర్ణయించడానికి? అది మీరు ఇంతవరకూ చెప్పలేదు.

విశాఖ షట్టర్:
అది చెప్పనవసరం లేదనుకున్నాను. ఆషాఢంలో పని ఉండదు కాబట్టి నలుగురూ కలిసి కొంత డబ్బు వేసుకుని, ఎవరి దగ్గర ముందు ఖర్చు పెట్టాలో తేల్చుకోవాలన్నారు. బుకింగులు ఇన్‌స్టాగ్రామ్‌లోనే వస్తాయి, నిజమే. మార్కులు కూడా వారిని అడిగే వేశాను. నలుగురికీ ఎడిటింగ్ చేసేది ఒక్కరే కాబట్టి, అతని కంప్యూటర్‌ను పట్టికలో విడిగా చూపలేదు. అతను దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్‌లో అందరి కంప్యూటర్లలోకీ వచ్చి పని చేసుకుంటాడు, గుర్తుంచుకోవడానికి వీలుగా అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టారు.

డాబాగార్డెన్స్ డిస్క్:
క్రాక్‌లు కూడా అతనే వేస్తున్నాడా?

విశాఖ షట్టర్:
అవును.

పాత నెగెటివ్:
అయితే నాలుగు స్టూడియోలు లేవు. ఒక్కటే ఉంది.

లెక్కల పద్దు:
పాత నెగెటివ్ గారు ఒక్క వాక్యంలో చెప్పేశారు. మీకు నాలుగింటికీ ఒకే మార్కు రావడానికి సగటుతో పాటు ఇదీ కారణం కావచ్చు, ఎందుకంటే ర్యాన్సమ్‌వేర్ వరుసలో నలుగురూ అడిగింది ఆ ఎడిటర్‌నే అయి ఉంటుంది. అతని కంప్యూటర్‌లోకి ఎవరైనా చొరబడితే పెళ్లి ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు, స్కూలు షీట్లు, గాజువాక ఆధార్లు ఒకే రాత్రిలో చేతికి చిక్కుతాయి. విడివిడిగా నాలుగు చిన్న సంఘటనలు అనుకున్నవి ఒకే పెద్ద సంఘటన అవుతాయి. ఉమ్మడి డబ్బులో మొదటి రూపాయి అక్కడే పెట్టండి. స్టూడియోకొక వేరే పాస్‌వర్డ్, రెండంచెల ధ్రువీకరణ, అవతలి మనిషి అంగీకరిస్తేనే కనెక్షన్ తెరుచుకునే అమరిక, అతని కంప్యూటర్‌కు లైసెన్సు ఉన్న సాఫ్ట్‌వేర్. వీటిలో చివరిది తప్ప మిగతావాటికి పెద్దగా డబ్బు కూడా కాదు. ఆ తరువాత ద్వారకానగర్‌కు పని అయ్యాక తీగ ఊడదీసి పక్కన పెట్టే రెండు డిస్కులు, ఒకటి స్టూడియోలో, ఒకటి ఎవరింట్లోనైనా.

చట్టం చూడండి:
ఎడిటర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉందా? పని అయ్యాక ఫైళ్లు తీసేయాలన్న షరతు అందులో ఉండాలి. అది లేకుండా ఎన్ని పాస్‌వర్డ్‌లు మార్చినా అసంపూర్ణమే.

డాబాగార్డెన్స్ డిస్క్:
ఎడిటర్‌ను పట్టికలో ఐదో స్టూడియోలా విడి నిలువు గడిగా పెట్టాలి.

లెక్కల పద్దు:
నిలువు గడిగా కాదు, వరుసగా పెట్టాలి. అతను ఐదో స్టూడియో కాదు, నలుగురిలోనూ ఉన్న కారణం.

డాబాగార్డెన్స్ డిస్క్:
విడి గడి లేకపోతే అతని కోసం డబ్బు ఎవరు ఇస్తారు? నలుగురూ పక్కవారిది అనుకుంటారు.

విశాఖ షట్టర్:
ముందు ఎడిటర్, తరువాత ద్వారకానగర్ డిస్కులు. రేపు వారికి ఇదే చెబుతాను. ధన్యవాదాలు. ఒకటి మిగిలింది. గాజువాక దుకాణంలో ఫోటో ప్రింటర్‌కు కొత్త డ్రైవర్ రానందువల్ల ఆ కంప్యూటర్ ఇంకా విండోస్ 7 మీదే ఉంది. దాన్ని ఏం చేయాలి?

పాత నెగెటివ్:
విండోస్ 7కు 2020 జనవరిలోనే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. నెట్ తీగ తీసేయండి, ప్రింటింగ్‌కు మాత్రమే వాడుకోండి.

విశాఖ షట్టర్:
వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు దానికి చేరేదెలా మరి? మళ్లీ పెన్‌డ్రైవేనా?