పిల్లల మెదడు ట్యూమర్ల మీద పరిశోధన చేసే డాక్టర్ కావాలంటే పీజీ ముందా, పీహెచ్‌డీ ముందా?

బురుజు_కర్నూలు:
కర్నూలు మెడికల్ కాలేజీలో థర్డ్ ఇయర్ అమ్మాయిని. పేషెంట్లను చూస్తూనే ల్యాబ్‌లో కూడా పనిచేయాలని, అది పిల్లల మెదడు ట్యూమర్ల మీదే చేయాలని గట్టిగా ఉంది. ఇంట్లో మాత్రం ముందు పీజీ సీటు కొట్టు, మిగతావన్నీ తర్వాత అంటున్నారు. ఎంబీబీఎస్ కాగానే పీహెచ్‌డీలో చేరొచ్చా, ఎండీ అయ్యాకే చేరాలా? బ్రాంచి పీడియాట్రిక్సే కావాలా? అమెరికా పోక తప్పదా? కర్నూలులో ఉండగానే మొదలుపెట్టగలిగిన పని ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గండికోట_ఎండీ:
ముందు ఒకటి తేల్చుకో అమ్మా. ట్యూమర్ కణం లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనా, ఏ వైద్యం ఏ మోతాదులో పిల్లలకు మేలు చేస్తుందో తేల్చాలనా? రెండోదైతే పీహెచ్‌డీ అక్కర్లేదు. ఎండీ పీడియాట్రిక్స్ మూడేళ్లు, పీడియాట్రిక్ ఆంకాలజీలో (పిల్లల క్యాన్సర్ వైద్యం) డీఎం, అంటే ఎండీ పైన చేసే సూపర్ స్పెషాలిటీ, మూడేళ్లు, ఆపైన క్లినికల్ ట్రయల్స్ మీద ఒక మాస్టర్స్ ఉంటే సరిపోతుంది. మొదటిదైతే పీహెచ్‌డీ కావాల్సిందే. డ్యూటీల మధ్య ముగించే ఎండీ థీసిస్‌తో ల్యాబ్ పని చేతికి రాదు.

ఎంబీబీఎస్‌తోనే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేయడానికి ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకోవచ్చు, దారి మూసి లేదు. కానీ ఐదేళ్లు పైపెట్ పట్టుకుని మళ్లీ నీట్ పీజీకి కూర్చోవడం చాలా కష్టం. చదివినవన్నీ మరుపున పడతాయి, పోటీకి వచ్చేవాళ్లు అప్పుడే ఇంటర్న్‌షిప్ ముగించినవాళ్లు. అందుకే ఎండీ ముందు అంటాను. ఈ విషయంలో మీ ఇంట్లోవాళ్ల మాట సరైనదే, కారణం మాత్రం వేరు: అడగదగ్గ ప్రశ్నలు వార్డులోనే పుడతాయి.

పిల్లల చిన్నమెదడులో వచ్చే క్యాన్సర్ గడ్డ మెడుల్లోబ్లాస్టోమానే చూడు. మూడేళ్లు దాటి, ఆపరేషన్ తర్వాత మిగిలిన గడ్డ 1.5 చదరపు సెంటీమీటర్లకు మించకుండా, ఎక్కడికీ పాకకుండా ఉంటే మెదడు, వెన్నుపాము మొత్తానికి 23.4 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), గడ్డ ఉన్నచోట 54 గ్రే వరకు రేడియేషన్ ఇస్తారు. ఆ 23.4 వల్ల పిల్లవాడి చదువు, ఎత్తు, హార్మోన్లు అన్నీ దెబ్బతింటాయి. మరి 18కి తగ్గిస్తే? అమెరికాలో 3 నుంచి 7 ఏళ్ల పిల్లల్లో ట్యూమర్ రకం చూడకుండా తగ్గించి పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి, 18 గ్రే తీసుకున్నవాళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అంటే తగ్గించాలంటే ముందు ట్యూమర్ రకం తెలియాలి. మెడుల్లోబ్లాస్టోమా నాలుగు రకాల్లో ఒకటైన డబ్ల్యూఎన్‌టీ రకం ఉన్న పిల్లలు బాగా కోలుకుంటారు కాబట్టి తగ్గించే ప్రయత్నాలు ఇప్పుడు వాళ్లలో సాగుతున్నాయి. ల్యాబూ వార్డూ రెండూ తెలిసినవాళ్లు కావాల్సింది ఇలాంటిచోటే.

బ్రాంచి పీడియాట్రిక్సే కావాలని లేదు. స్టాన్‌ఫర్డ్‌లో డీఐపీజీ అనే మెదడు కాండం గడ్డ మీద పనిచేసే మిషెల్ మోంజే శిక్షణ న్యూరాలజీలో. పాథాలజీ, న్యూరోసర్జరీ, రేడియేషన్ ఆంకాలజీ నుంచి కూడా ఈ పనిలోకి రావచ్చు. పీడియాట్రిక్స్ ఎండీతో మెడికల్ ఆంకాలజీ డీఎంకు కూడా అర్హత ఉంటుంది, అయితే అక్కడ ఎక్కువ కాలం పెద్దవాళ్ల క్యాన్సర్లతోనే గడుస్తుంది.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. ఈ దారిలో చాలామంది ఆగిపోయేది తెలివి చాలక కాదు, టైం దొరక్క. ఓపీ, వార్డు, నైట్ కాల్స్ అయ్యాక ల్యాబ్ అనుకుంటే ఆ ల్యాబ్ ఎప్పటికీ తెరుచుకోదు. ఉద్యోగానికి ఒప్పుకునే ముందే వారంలో ఎన్ని రోజులు పరిశోధనకో ఆర్డరులో రాయించుకో. హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్న డీబీటీ వెల్‌కమ్ ఇండియా అలయన్స్ డాక్టర్లకు విడిగా ఫెలోషిప్‌లు ఇస్తుంది. డీఎం చివరి ఏడాది నుంచే దాని మీద కన్నేసి ఉంచు.

మైక్రోటోమ్:
పైవారు చెప్పింది ఒప్పుకుంటాను, ఒక్క సవరణ. పాథాలజీ తీసుకునే ఆలోచన ఉంటే పీహెచ్‌డీ ముందు చేసినా అంత నష్టం లేదు, ఆ చదువు బ్రాంచిలో పనికొస్తుంది.

నేను చెప్పదలచింది టిష్యూ (ఆపరేషన్‌లో తీసిన గడ్డ ముక్క) గురించి. ఎంత పెద్ద ల్యాబ్ అయినా ఆపరేషన్ థియేటర్లో మొదటి అరగంట పాడైతే చేయగలిగింది లేదు. ముక్కను సెలైన్‌లో నానబెట్టి సాయంత్రం ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవం) వేయడం, వార్డులో కలిపిన బఫర్ లేని ఫార్మలిన్ వాడటం, ఇరుకు సీసాలో కుక్కడం, సోమవారం చూద్దాంలే అని వదిలేయడం, అన్నిచోట్లా కనిపించే తప్పులు ఇవే. బఫర్ లేకపోతే ఫార్మలిన్ ఆమ్లంగా మారి డీఎన్‌ఏను ముక్కలు చేస్తుంది. స్లైడ్ మీద కణాలు చక్కగా కనిపిస్తాయి, సీక్వెన్సింగ్ (డీఎన్‌ఏను అక్షరం అక్షరంగా చదవడం) మాత్రం ఫెయిలవుతుంది. 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, టిష్యూకు పదింతలు ద్రవం, ఒక రోజు, మించితే రెండు రోజులు.

పరిశోధనకు ఇంకో ముక్క విడిగా కావాలి. లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80లో పెట్టాలి, మైనస్ 20 ఫ్రిజ్‌లో ఆర్‌ఎన్‌ఏ నిలవదు. నైట్రోజన్ లేకపోతే ఆర్‌ఎన్‌ఏ లేటర్ ద్రావణంలో వేయొచ్చు, అయితే ముక్క మందం అర సెంటీమీటరు దాటితే ద్రావణం లోపలికి దిగదు. రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచి తర్వాత మైనస్ 80కి మార్చాలి. దాంతోపాటు రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ ట్యూబులో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం. ఎస్‌హెచ్‌హెచ్ అనే మరో రకం మెడుల్లోబ్లాస్టోమాలో టీపీ53 జన్యువులో మార్పు కనిపిస్తే అది ట్యూమర్‌లోదేనా, పుట్టుకతో వచ్చిందా అన్నది రక్తం చూస్తేనే తెలుస్తుంది. పుట్టుకతో వచ్చినదైతే ఆ ఇంట్లో మిగతావాళ్ల సంగతి కూడా చూడాలి.

టిష్యూ విలువ తెలియాలంటే డీఐపీజీ కథే చాలు. మెదడు కాండంలో వచ్చే ఈ గడ్డను ఎంఆర్ఐ చూసే నిర్ధారించేవారు, బయాప్సీ దాదాపు చేసేవారు కాదు. దశాబ్దాలపాటు చేతిలో టిష్యూనే లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు అటాప్సీకి (మరణం తర్వాత చేసే శవపరీక్ష) ఒప్పుకోవడంతో మోంజే బృందం కణాలను ల్యాబ్‌లో పెంచగలిగింది, ఆ పేపరు 2011లో వచ్చింది. 2012లో ఈ గడ్డల్లో హెచ్3 కె27ఎం అనే జన్యు మార్పు బయటపడింది. ఈ కణాల మీద జీడీ2 అనే అణువు దట్టంగా ఉంటుందని 2018లో, దాన్ని గురిపెట్టిన కార్ టీ కణాలతో (క్యాన్సర్‌ను చంపేలా ల్యాబ్‌లో మార్చిన రోగి సొంత రక్షణ కణాలు) మొదటి నలుగురు రోగుల ఫలితాలు 2022లో వచ్చాయి. కణాలు పెంచడం నుంచి రోగి దాకా పదకొండేళ్లు. ఈ రంగంలో పని వేగం ఇదీ.

లేపాక్షి_బసవ:
అమెరికా సంగతి క్లుప్తంగా. అమెరికా లైసెన్సు పరీక్షలైన స్టెప్ 1, స్టెప్ 2 సీకే, ఇంగ్లిషు పరీక్ష ఓఈటీ, విదేశాల్లో చదివిన డాక్టర్లకు ఇచ్చే ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ కావాలి. పీడియాట్రిక్స్ రెసిడెన్సీ మూడేళ్లు, హెమటాలజీ ఆంకాలజీ ఫెలోషిప్ మూడేళ్లు, అందులో సుమారు రెండేళ్లు పరిశోధనకే. న్యూరో ఆంకాలజీకి ఇంకో ఏడాది. 2022 నుంచి స్టెప్ 1కి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిలే. అందుకే స్టెప్ 2 మార్కులకు బరువు పెరిగింది.

చాలామందికి ఆలస్యంగా తెలిసే చిక్కు వీసా. జే1 (శిక్షణకు వచ్చేవాళ్లకు ఇచ్చే వీసా) మీద పోతే శిక్షణ అయ్యాక రెండేళ్లు ఇండియాకు రావాలి, లేదా వెయివర్ (ఆ షరతు నుంచి మినహాయింపు) తెచ్చుకోవాలి. వెయివర్ ఉద్యోగాలు ఎక్కువగా డాక్టర్లు కరువైన ఊళ్లలో ఉంటాయి, అక్కడ ల్యాబ్ ఉండదు. డాక్టర్లకు 75 శాతం సమయం పరిశోధనకు దక్కించే కె08 గ్రాంటుకు పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. కె99 అనే మరో పరిశోధన గ్రాంటుకు ఆ షరతు లేదు. ఇవన్నీ తెలిసి పోవడం వేరు, అక్కడికి పోయాక తెలుసుకోవడం వేరు.

బురుజు_కర్నూలు:
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు ఇక్కడ చేయగలిగిన పని గురించి ఎవరైనా చెప్తారా? ఇక్కడ సీక్వెన్సింగ్ సౌకర్యం లేదు.

గండికోట_ఎండీ:
సీక్వెన్సర్ లేకపోతే ఏమమ్మా, పెద్దాసుపత్రిలో కేస్ షీట్లున్నాయి. లక్షణం మొదలైన రోజు నుంచి ఎంఆర్ఐ దాకా ఎన్ని వారాలు పట్టింది? మన రాయలసీమ పిల్లలకు ఇది లెక్కగట్టడం నిజంగా అవసరం. పొద్దున లేవగానే వాంతులు, తలనొప్పి, తల ఒకవైపు వాల్చడం, నడక తడబడటం, కొత్తగా మెల్లకన్ను, ఒక్కోదానికి ఒక్కో కాలమ్. మొదట ఎవరికి చూపించారు, గ్యాస్ అన్నారా, నులిపురుగులన్నారా, కళ్లద్దాలిచ్చారా, ఫండస్ (కంటి వెనక పొర) ఎప్పుడు చూశారు, అదీ రాయాలి. వైద్య విద్యార్థుల పరిశోధనకు ఉన్న ఐసీఎంఆర్ ఎస్‌టీఎస్ పథకంలో రెండు నెలల ప్రాజెక్టుకు ఇది సరిపోతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క ఫైలూ తెరవొద్దు. పాత రికార్డులకు సమ్మతి మినహాయింపు అడగొచ్చు, ఇంటికి ఫోన్ చేయాలంటే దానికి విడిగా అనుమతి కావాలి. ఫోన్ లేకుండా ఫలితాలు తెలియవు, ఎందుకంటే మన పిల్లలు షంట్ (మెదడులో చేరిన నీరు బయటికి పోయే గొట్టం) వేయించుకుని కర్నూలు నుంచి హైదరాబాద్‌కో, అనంతపురం నుంచి బెంగళూరుకో వెళ్లిపోతారు, షీటు అక్కడితో ఆగిపోతుంది. ఐపీ (ఆసుపత్రిలో చేరినప్పటి) నంబరుకూ బయాప్సీ నంబరుకూ లంకె కూడా చాలాసార్లు దొరకదు. న్యూరోసర్జరీ ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్, పాథాలజీ రిజిస్టర్ పక్కపక్కన పెట్టుకుని పేరు, వయసు, తేదీ కలిపి చూడాలి.

మైక్రోటోమ్:
సెలవుల్లో లాప్‌టాప్ మీద ఇంకో పని. జీఈఓ అనే ఆన్‌లైన్ జన్యు డేటా భాండాగారంలో జీఎస్ఈ85217 అని 763 మెడుల్లోబ్లాస్టోమాల డేటా ఉచితంగా ఉంది. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని నాలుగు రకాలూ విడివిడి గుంపులుగా వస్తున్నాయో లేదో నువ్వే చేసి చూడు. ఆ ఫైళ్లను ఎక్సెల్‌లో మాత్రం తెరవకు. మార్చ్1, సెప్ట్2 లాంటి పాత జన్యు పేర్లను అది తేదీలుగా మార్చేస్తుంది, ఒకసారి సేవ్ చేశాక పాత పేరు తిరిగి రాదు.