అమెరికా హెవీ మెటల్ రాక్ బ్యాండ్ మెటాలికా 1991 ఆల్బమ్ మీకు నచ్చిందా?

ప్రశ్న: మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర. వాళ్ల 1988 ఆల్బమ్‌లో టైటిల్ పాట దాదాపు 10 నిమిషాలు. ఆ రిఫ్‌లు, అంటే గిటార్ మీద మళ్లీ మళ్లీ వచ్చే ముక్కలు, సాధన చేసి చేసి నా వేళ్లు కాయలు కాశాయి. 1991లో బాబ్ రాక్ నిర్మాతగా వచ్చాక పాటలు కురచయ్యాయి, వేగం తగ్గింది. ఆ ఆల్బమ్ అమెరికాలోనే కోటిన్నర ప్రతులు దాటి అమ్ముడైంది, సరే. నాకు మాత్రం మన ఇంటివాడు చెప్పకుండా ఊరొదిలి వెళ్లిపోయినట్టుంది.

జవాబు: తమ్ముడూ, 1988 దాంట్లో బేస్ గిటార్, అదే కింది స్వరాలు పలికేది, వినిపించిందా నీకు? నేను వాయించేది బేసే. చెవి ఆనించినా దొరకలేదు. 1991లో అదే బేస్ గుండెల మీద మోగింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విను.

జవాబు: మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నాను. విలంబంలో, అంటే నెమ్మది నడకలో, తప్పు దాచలేం, అందుకే అదే కష్టం. అందుకే వేగం తగ్గిందని 1991 ఆల్బమ్‌ని నేను తప్పు పట్టను. 1996లో వచ్చిన వాళ్ల ఆల్బమ్ ‘లోడ్’ మాత్రం నాకు ఎక్కలేదు.

ప్రశ్న అడిగినవారు: అన్నా, రాత్రి కరెంటు పోయినప్పుడు చీకట్లో విన్నాను. బేస్ సంగతి నిజమే, ఒప్పుకుంటున్నా. అయినా పొద్దున్నే గిటార్ తీస్తే చెయ్యి ఆ 10 నిమిషాల పాట మీదికే పోయింది.