తేనె రంగు అరలు, నల్ల గ్రానైట్ గట్టు, క్రీమ్ రంగు నేల: మధ్య గోడకు ఏ టైల్ నప్పుతుంది?

ప్రశ్న

వంటగదిలో గట్టుకూ పై అరలకూ మధ్య ఉన్న గోడకు టైల్స్ వేయించాలనుకుంటున్నాము. మిగిలినవేవీ మార్చే ఉద్దేశం లేదు కాబట్టి, ఉన్నవాటికి నప్పేదే ఎంచుకోవాలి. అరల తలుపులకు చెక్క గీతలు కనిపించే తేనె రంగు మ్యాట్ లామినేట్ ఉంది. గట్టు మెరుగు పెట్టిన నల్ల గ్రానైట్. దూరం నుంచి పూర్తి నలుపులా ఉన్నా, దగ్గరికి వెళ్తే బూడిద రంగు గింజలూ అక్కడక్కడా రాగి రంగు మెరుపులూ కనిపిస్తాయి. నేల మీద లేత గోధుమ రంగు చారలున్న క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి. గట్టు నుంచి పై అరల దాకా ఎత్తు 20 అంగుళాలు, పొయ్యి వెనుక చిమ్నీ దాకా 30 అంగుళాలు. గదికి ఒకటే కిటికీ, అది కూడా చిన్నది.

తెలుపు వేస్తే ఏ గొడవా ఉండదనుకుని ఒక తెల్ల టైల్ నమూనా తెచ్చాము. దుకాణంలో స్వచ్ఛంగా కనిపించినది ఇంట్లో గోడకు ఆనించగానే నీలంగా మారింది, పైగా దాని పక్కన అరలు నారింజ రంగుకు తిరిగినట్టు అనిపించింది. ఇంట్లో వాళ్లకు నీలం తెలుపు డిజైన్ టైల్స్ మీద మనసుంది. గట్టుకు వేసిన గ్రానైట్‌నే గోడ మీదికి కూడా ఎక్కించమని మరొకరు అంటున్నారు. దేన్ని ఆధారంగా చేసుకుని నిర్ణయించాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు తెచ్చిన టైల్‌లో లోపమేమీ లేదండీ. ఏ తెలుపూ ఉట్టి తెలుపు కాదు. ఒకదానిలో నీలి ఛాయ, ఒకదానిలో పసుపు ఛాయ, ఇంకొకదానిలో బూడిద ఛాయ లోలోపల ఉంటాయి. విడిగా చూసినప్పుడు అవి కంటికి ఆనవు. నీలానికి నారింజ ఎదురు రంగు కాబట్టి, నీలి ఛాయ ఉన్న తెలుపును తేనె రంగు పక్కన పెట్టగానే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. తెలుపులోని నీలమూ చెక్కలోని నారింజా రెండూ పైకి తేలతాయి. అదే టైల్‌ను మీ నేల మీద పెట్టి చూడండి, క్రీమ్ రంగు నేల మాసిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి తెలుపు వేయవద్దని నేను అనను, నీలి ఛాయ తెలుపు మాత్రం మీ గదికి పనికిరాదు.

ఛాయ తెలుసుకోవడానికి మంచి తెల్ల కాగితం చాలు. కాగితాన్ని వరుసగా అర తలుపు మీద, గట్టు మీద, నేల మీద, చివరికి నమూనా టైల్ మీద ఉంచి, కాగితం అంచు దగ్గర కనిపించే తేడాను గమనించండి. మీ వర్ణనను బట్టి అరలూ నేలా పసుపు వైపు ఉన్నాయి, గ్రానైట్ ఎటూ మొగ్గకుండా ఉంది. మూడింటిలో రెండు ఒకవైపు ఉన్నప్పుడు గోడ కూడా వాటి వైపే ఉండాలి.

గ్రానైట్‌లోని రాగి మెరుపుల నుంచి రంగు ఏరుకుని గోడకు వేయమని చాలామంది సలహా ఇస్తారు. దానితో నేను ఏకీభవించను. రాతిలో గింజంత ఉన్నప్పుడు ముచ్చటగా ఉన్న రంగు గోడంతా పరుచుకుంటే కళ్లకు బరువవుతుంది. రంగు తీసుకోవలసింది రాతిలోని మెరుపుల నుంచి కాదు, మీ గదిలో ఎక్కువ విస్తీర్ణం ఆక్రమించి నిదానంగా ఉన్న క్రీమ్ నుంచి. అయితే నేల రంగును అచ్చంగా గోడ మీద దించాలని ప్రయత్నించకండి. పోలీ పోలకుండా ఉన్న రెండు క్రీములు ఎదురెదురుగా ఉంటే, ఒకే రంగు కోసం వెతికి దొరకక సర్దుకున్నట్టుగా ఉంటుంది. గోడ నేలకంటే స్పష్టంగా లేతగా ఉంటే ఆ అనుమానం రాదు.

నమూనా చూసే పద్ధతి గురించి ఒక మాట. దుకాణంలో టైల్ బల్ల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు దీపాల వెలుగంతా తీసుకుంటుంది. ఇంట్లో అదే టైల్ నిలువుగా, పై అర నీడలో నిలబడుతుంది కాబట్టి ముదురుగా కనిపిస్తుంది. అరచేతిలో పట్టే ముక్క సరిపోదు. నాలుగైదు పూర్తి టైల్స్ తెచ్చి, గట్టు వెనుక గోడకు నిలబెట్టి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి దీపం వేశాక ఒకసారి, గది గుమ్మం నుంచి కూడా ఒకసారి చూడండి.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూనే, టైల్ కంటే ముందు దీపం తేల్చుకోమని చెబుతాను. పై అరల కింద ఏ దీపం ఉందో మీరు రాయలేదు. దీపపు వెలుగు ఛాయను కెల్విన్ సంఖ్యతో చెబుతారు, సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు మొగ్గుతుంది. 6500 కెల్విన్ దీపం కింద ఏ క్రీమ్ అయినా పాలిపోతుంది; 2700 కింద అదే టైల్ పచ్చబడుతుంది. మీ చెక్క రంగుకు 3000 నుంచి 4000 మధ్య దీపం అనుకూలంగా ఉంటుంది. పెట్టె మీద రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే సీఆర్ఐ సంఖ్య 90 కంటే ఎక్కువ ఉన్నది తీసుకోండి. ఒక వెలుగులో కలిసిన రెండు రంగులు మరొక వెలుగులో విడిపోవడం సాధారణమే కాబట్టి, దీపం మార్చే ఆలోచన ఉంటే మార్చిన తరువాతే నమూనాలు చూడాలి.

ఎవరూ ప్రస్తావించని విషయం ఇంకొకటి ఉంది. మెరుగు పెట్టిన నల్ల గ్రానైట్ దాదాపు అద్దంలా పనిచేస్తుంది. గోడ మీద మీరు ఏది వేసినా అది గట్టులో తలకిందులుగా మరోసారి కనిపిస్తుంది. గోడ మీద డిజైన్ ఉంటే అది రెట్టింపవుతుంది. టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌట్ గీతలు కొట్టొచ్చినట్టు ఉంటే అవీ రెట్టింపవుతాయి. నమూనాను గోడకు నిలబెట్టినప్పుడు గట్టును శుభ్రంగా తుడిచి, ఆ ప్రతిబింబం కూడా కలిపి చూడండి.

ఉపరితలం విషయానికి వస్తే, బాగా మెరిసే టైల్‌లో అర కింది ఎల్ఈడీ పట్టీ చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఆ పట్టీ గోడకు దగ్గరగా ఉంటే వెలుగు గోడను రాసుకుంటూ దిగి, పక్కపక్క టైల్స్ మధ్య ఉన్న కొద్దిపాటి ఎత్తుపల్లాలను కూడా చూపిస్తుంది. అర ముందు అంచు వైపు బిగిస్తే ఆ ఇబ్బంది తగ్గుతుంది. గరుకు మ్యాట్ టైల్ చూడటానికి బాగున్నా పొయ్యి దగ్గర నూనె తుంపరలను పట్టి ఉంచుతుంది. రెంటికీ మధ్యస్థంగా ఉండే శాటిన్ మెరుపు మీకు తగినది. పాలరాయి జోలికి వెళ్లకపోవడమే మంచిది. నిమ్మరసం వంటి పులుపు తగిలితే దాని మెరుపు తినుకుపోతుంది, పైన పూసే సీలర్ మరకను ఆపుతుందే గాని ఈ తినుకుపోవడాన్ని ఆపదు. వెనుక రంగు వేసిన గాజు పలక ఆలోచన ఉంటే, మామూలు గాజులో ఇనుము వల్ల ఆకుపచ్చ ఛాయ ఉంటుంది కాబట్టి లేత రంగులు దాని వెనుక మారిపోతాయి. ఇనుము తక్కువ ఉన్న గాజు అడగాలి.

మూడవ సమాధానం

ఇంట్లో వాళ్లకు ఇష్టమైన డిజైన్ టైల్‌ను అందరూ కలిసి పక్కకు నెట్టేస్తున్నారు. మీ గదిలో ఇప్పటికే చెక్క గీతలు, రాతి గింజలు, నేల చారలు ఉన్నాయి, నాలుగో డిజైన్ గోడంతా వేస్తే కన్ను ఎక్కడా నిలవదన్నది నిజమే. కాని పొయ్యి వెనుక, చిమ్నీ వెడల్పు మేరకు మాత్రమే వేసుకోవచ్చు. అప్పుడు కూడా రెండు షరతులు: ఆ డిజైన్‌లోని తెలుపు మిగతా గోడ టైల్ తెలుపే అయి ఉండాలి, నీలం ముదురు సిరా రంగు కాక బూడిద కలిసిన నీలం అయి ఉండాలి. ఆ మేరకు నీలం ఉంటే తేనె రంగుకు ఎదురు రంగు కావడం లోపం కాదు, అదే అందం.

గ్రానైట్‌ను పైకి ఎక్కించడం మాత్రం ఈ గదికి సరిపడదు. ఒకే చిన్న కిటికీ ఉన్న గదిలో నల్ల గోడ ఉన్న వెలుగును కూడా మింగేస్తుంది. పైగా ఇప్పుడు కొనే పలక పాత పలకతో కలుస్తుందన్న భరోసా లేదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కాగితం పెట్టి చూస్తే అరలూ నేలా పసుపు వైపే ఉన్నట్టు తేలింది. అర కింద ఉన్న దీపం 6500 కావడంతో దాన్ని 4000కు మార్చి, మళ్లీ నమూనాలు నిలబెట్టి చూశాము. పసుపు ఛాయ ఉన్న లేత తెలుపులో 100 మిల్లీమీటర్ల ఎత్తు, 300 మిల్లీమీటర్ల పొడవు ఉన్న శాటిన్ టైల్ అందరికీ నచ్చింది. డిజైన్ టైల్‌ను పొయ్యి వెనుక పెట్టి చూశాక, గట్టులో దాని ప్రతిబింబం చూసి, అడిగినవాళ్లే వద్దన్నారు. గ్రౌట్ ఏ రంగు వేయాలి, ఒకవైపు గట్టు పై అరలకంటే ఒక అడుగు ముందుకు సాగింది కాబట్టి టైల్స్ ఎక్కడ ఆపాలి అన్నవి మిగిలిన సందేహాలు.

రెండవ సమాధానం ఇచ్చినవారు

మీ కొలతకు ఆ టైల్ బాగా కుదురుతుంది. 20 అంగుళాలంటే 508 మిల్లీమీటర్లు. ఐదు వరుసల టైల్స్‌కు 500, మధ్యలో 2 మిల్లీమీటర్ల చొప్పున నాలుగు సందులకు 8. గట్టు మీద సిలికాన్ కోసం వదిలే రెండు మూడు మిల్లీమీటర్ల మేరకు పై వరుసను కోస్తే సరిపోతుంది. ఆ కోత అర కింద దాగిపోతుంది. పొయ్యి వెనుక ఏడు పూర్తి వరుసల పైన సగానికి కొంచెం తక్కువ ఎత్తు ముక్క పడుతుంది. దాన్ని చిమ్నీ కిందే ఆపితే సన్నని పట్టీలా తెలిసిపోతుంది. వీలైతే చిమ్నీ విప్పి, పూర్తి టైల్‌నే దాని వెనుకకు కాస్త పోనివ్వమని మేస్త్రీకి ముందే చెప్పండి.

గ్రౌట్‌కు తెలుపు వద్దు, పొయ్యి దగ్గర త్వరగా మాసిపోతుంది. నలుపు వేస్తే గట్టుతో జత కుదురుతుందని కొందరు అంటారు గాని, గోడంతా గళ్లు గళ్లుగా మారి టైల్ రంగు వెనుకబడుతుంది. టైల్ కంటే ఒక మెట్టు ముదురుగా, మీ నేల చారల లేత గోధుమ రంగుకు దగ్గరగా ఉన్నది తీసుకోండి. సిమెంట్ గ్రౌట్ తడిగా ఉన్నప్పటికంటే ఆరాక రంగు లేతబడుతుంది కాబట్టి, ఒక అట్టముక్క మీద నమూనా టైల్స్ అతికించి, సందు నింపి, పూర్తిగా ఆరనిచ్చి చూడాలి. పొయ్యి వెనుక సిమెంట్‌కు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ అయితే మరక పీల్చదు. కాని టైల్ మీద మిగిలిన పొరను అది గట్టిపడక ముందే తుడిచేసే అలవాటున్న మేస్త్రీ దొరకాలి.

గట్టు ఎక్కడ ముగిస్తే టైల్స్ అక్కడే ముగించడం నా అభిప్రాయం. అరల దగ్గర ఆపితే ఆ అడుగు మేర గట్టు వెనుక గోడ తడికీ మరకలకూ లోనవుతుంది. బయటికి కనిపించే అంచుకు అరల పిడుల రంగులోనే సన్నని లోహపు పట్టీ వేయించండి. టైల్, దాని వెనుక జిగురు కలిసి సుమారు ఒక సెంటీమీటరు మందం వస్తాయి కాబట్టి, స్విచ్ బోర్డు పెట్టెలను ముందే ఆ మేరకు బయటికి తెప్పించాలి. అవసరానికి పదో వంతు అదనంగా, పెట్టెలన్నిటి మీదా ఒకే షేడ్ నంబరు ఉన్నదీ లేనిదీ చూసి తీసుకోండి. గోడా గట్టూ కలిసే చోట మాత్రం గ్రౌట్ నింపనివ్వకండి; రెండు వేర్వేరు తలాలు కొద్దిగా కదులుతూ ఉంటాయి కాబట్టి అక్కడ గ్రౌట్ పగులుతుంది, గ్రౌట్ రంగులోనే దొరికే సిలికాన్ అక్కడ వాడాలి.