టీనేజ్ నవలలకి కొత్త కవర్లు, టైటిల్ అక్షరాల దగ్గర ఆగిపోయా, కాస్త సాయం చేయండి

అందరికీ నమస్తే అండి. మా అత్త టీనేజ్ పిల్లల కోసం రాసిన మూడు నవలలు మళ్ళీ ప్రింట్ చేయిద్దాం అనుకుంటున్నాం, కవర్లు నేనే చేస్తున్నా. పాత కవర్ల మీద గులాబీ పువ్వు, పక్కన అమ్మాయి మొహం, ఇప్పటి పిల్లలు చేత్తో కూడా ముట్టుకోరు. కథేమో సైకిల్ మీద కాలవ గట్టంట స్కూలుకెళ్ళే పిల్లది, అందుకే సైకిల్ హ్యాండిల్‌కి వేలాడే టిఫిన్ క్యారియర్ ఒక్కటే పెద్దగా గీశా, అది బాగానే వచ్చింది.

చిక్కంతా టైటిల్‌తోనే. రెండు లైన్లలో పెడితే పై లైన్లో ఒత్తులు కింద లైన్ గుడులకి తగులుతున్నాయి, గ్యాప్ పెంచితే రెండు ముక్కలూ విడిపోయినట్టుంది. రామభద్ర ఫాంట్ వాడా, మందంగా బాగుంది గానీ ఒత్తులు బాగా కిందకి దిగుతాయి. బాపు గారిలా చేత్తోనే రాసేయడం మేలా?

ఇంకోటి, స్క్రీన్ మీద మెరిసే నీలం ప్రూఫ్‌లో, అంటే ప్రెస్ వాళ్ళిచ్చిన నమూనా ప్రింట్‌లో మసకబారింది, ఆర్‌జీబీలో (స్క్రీన్‌కి వాడే రంగుల పద్ధతి) చేసినందుకే అనుకుంటా, మొదట్నుంచీ సీఎంవైకేలో (ప్రింట్ ఇంకుల రంగుల పద్ధతి) చేయాలా? మూడూ ఒక సెట్‌లా కనిపించాలంటే రంగు మార్చి బొమ్మల స్టైల్ ఒకటే ఉంచితే చాలా? తెలుగు కవర్లు చేసినవాళ్ళు చెప్పండి ప్లీజ్, అత్తకి ఇవి ప్రాణం.