చవక కార్ల కంపెనీ తెచ్చిన పెద్ద సెడాన్ బెంజ్, బీఎండబ్ల్యూల సరసన నిలవగలదా?

ప్రశ్న: మిర్యాలగూడ మిల్లరు

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ, రైసు మిల్లు వ్యాపారం. నాన్నగారు ఇన్నాళ్లూ ఇన్నోవాలోనే తిరిగారు. ఇప్పుడు ఆయన ప్రయాణాలకు ఒక పెద్ద సెడాన్ కొనాలని అన్నదమ్ములం అనుకుంటున్నాం. వారానికో పదిరోజులకో ఒకసారి హైదరాబాద్ వెళ్లి రావడం తప్పదు, బండి డ్రైవరే నడుపుతాడు, నాన్నగారు వెనక సీట్లో కూర్చుంటారు.

తమ్ముడికి చైనా కంపెనీ బీవైడీ చేసే సీల్ అనే ఎలక్ట్రిక్ సెడాన్ నచ్చింది. 2024 మార్చిలో మన దేశంలో విడుదలైనప్పుడు దాని ఎక్స్‌షోరూమ్ ధరలు 41 లక్షల నుంచి 53 లక్షల వరకు ఉన్నాయి. నడిపి చూసినప్పుడు వేగం, నిశ్శబ్దం, లోపలి పనితనం అన్నీ బాగానే అనిపించాయి. అయితే మా మేనమామ ఒకే మాట మీద ఉన్నారు: "అంత డబ్బు పెట్టేవాళ్లు ఇంకాస్త కలిపి బెంజ్ కొనుక్కోవాలి గాని, చవక బండ్లు చేసుకునే కంపెనీ దగ్గర పెద్ద బండి కొంటారా?" ఆయన మాటను కాదనడానికి నా దగ్గర సరైన సమాధానం లేదు. చవక కార్లతో ఎదిగిన కంపెనీ పెద్ద సెడాన్ చేస్తే అది నిజంగా ఖరీదైన బ్రాండ్లకు పోటీ అవుతుందా, లేక కాగితం మీది లెక్కల్లో మాత్రమే గెలుస్తుందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

జవాబు: నల్లగొండ పాలిటెక్నిక్ లెక్చరర్

మీ మేనమామగారి సందేహం ప్రపంచంలో చాలామందికి ఇంతకు ముందే వచ్చింది, దానికి చరిత్రలో రెండు రకాల సమాధానాలూ ఉన్నాయి.

సామాన్యుల కార్లు చేసే టయోటా 1983లో ఒక పెద్ద సెడాన్ పని రహస్యంగా మొదలుపెట్టి, 1989లో లెక్సస్ ఎల్ఎస్ 400 పేరుతో అమెరికాలో అమ్మకానికి తెచ్చింది. దానికి టయోటా అన్న పేరు పెట్టకపోవడం, టయోటా షోరూముల్లో అమ్మకపోవడం ముందే చేసుకున్న నిర్ణయాలు. అమ్మకాలు మొదలైన కొద్ది నెలలకే, ఆ ఏడాది డిసెంబరులో, వెనక బ్రేకు లైటు, క్రూయిజ్ కంట్రోల్ లోపాల వల్ల అప్పటివరకు అమ్మిన సుమారు 8,000 కార్లను వెనక్కి పిలవాల్సి వచ్చింది. కొత్త బ్రాండుకు ఇంతకంటే పెద్ద దెబ్బ ఉండదని అందరూ అనుకుంటున్న సమయంలో కంపెనీ మనుషులు యజమానుల ఇళ్లకే వెళ్లి కార్లు తీసుకుపోయి, బాగు చేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి అప్పగించారు. లెక్సస్‌కు పేరు తెచ్చిన కారణాల్లో ఇంజిను నునుపుతనం ఎంత ఉందో, ఈ ఒక్క పని అంత ఉందని నా అభిప్రాయం.

రెండో ఉదాహరణ హ్యుందాయ్. 1986లో అమెరికాలో ఎక్సెల్ అనే చిన్న కారును 4,995 డాలర్లకు అమ్మి, ఆ తర్వాత నాణ్యత విషయంలో బాగా చెడ్డపేరు మూటగట్టుకున్న కంపెనీ అది. 1998లో ఇంజిను, గేరుబాక్సులకు పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ ప్రకటించి ఆ పేరును కడుక్కోవడం ప్రారంభించింది. 2008లో వెనక చక్రాలతో నడిచే, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజిను కూడా ఉన్న జెనెసిస్ సెడాన్ తెచ్చింది, మరుసటి ఏడాది ఆ కారుకు ఉత్తర అమెరికా ఉత్తమ కారు పురస్కారం వచ్చింది. అంత గుర్తింపు వచ్చాక కూడా అది కంపెనీ చిన్న కారు యాక్సెంట్ పక్కనే అదే షోరూములో నిలబడి అమ్ముడుపోవాల్సి వచ్చింది. చివరకు 2015 నవంబరులో జెనెసిస్‌ను వేరే బ్రాండుగా విడదీశారు. కారు బాగుందని విమర్శకులు ఒప్పుకున్నాక, ఆ పేరు సొంత కాళ్ల మీద నిలబడేందుకు ఇంకో ఏడేళ్లు పట్టిందన్నమాట.

ఇక ఓడిపోయినవారు. ఫోక్స్‌వ్యాగన్ 2002లో ఫేటన్ అనే సెడాన్ తెచ్చింది. డ్రెస్డెన్ నగరంలో అద్దాల గోడలతో ప్రత్యేకంగా కట్టిన ఫ్యాక్టరీలో తయారయ్యేది, పన్నెండు సిలిండర్ల ఇంజినుతో కూడా దొరికేది, అడుగు నిర్మాణంలో ఎంతో ఖరీదైన బెంట్లీ కారుకు బంధువు. అంత పనితనం ఉన్న కారు అమెరికాలో 2006 నాటికే మూటాముల్లె సర్దుకుంది, 2016లో ఉత్పత్తే ఆగిపోయింది. మన దేశంలో మారుతి 2011లో కిజాషీ తెచ్చిన సంగతి చాలామంది మరిచిపోయి ఉంటారు. జపాన్ నుంచి తెప్పించిన ఆ 2.4 లీటర్ల పెట్రోలు సెడాన్ నడపడానికి చక్కగా ఉండేది. కానీ డీజిలు పెట్రోలు కంటే ఎంతో చవకగా ఉన్న ఆ రోజుల్లో డీజిలు ఇంజిను లేకుండా, ఆల్టో అమ్మే కౌంటరు పక్కన, పదహారు పదిహేడు లక్షల కారు పెట్టి అమ్మబోయారు. కొన్నేళ్లకే అది కనుమరుగైంది.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఒక్కటే. గెలిచిన కార్లకూ ఓడిన కార్లకూ మధ్య ఇంజినీరింగులో పెద్ద తేడా లేదు. తొలి ఏళ్ల కష్టాలను ఓపికగా భరించి, కొన్నవాడిని వదిలిపెట్టకుండా నిలబడిన కంపెనీ గెలిచింది, మధ్యలో చేతులెత్తేసిన కంపెనీ ఓడింది. అందుకని సీల్ బెంజ్‌తో సమానమా అని కాకుండా, ఆ కంపెనీ పదేళ్ల తర్వాత కూడా మన దగ్గర దుకాణం తెరిచి ఉంచుతుందా అని విచారించండి.

జవాబు: జడ్చర్ల వర్క్‌షాపు

లెక్చరర్ గారు చెప్పిన చరిత్ర విలువైనదే కానీ, ఫేటన్ సంగతిలో నాది వేరే అభిప్రాయం. ఆ కంపెనీ పద్నాలుగేళ్లు దాన్ని తయారు చేసింది కదా, దాన్ని ఓపిక లేకపోవడం అని ఎలా అంటాం? కొనేవాడు బెంజ్ ధర ఇచ్చి చిన్న కారు మీద ఉండే గుర్తునే తన బండి మీద కూడా చూసుకోవడానికి ఇష్టపడలేదు. పేరుకు కూడా ఒక ధర ఉంటుంది, దాన్ని మనం మొహమాటపడకుండా ఒప్పుకోవాలి. పెళ్లికి వెళ్లినప్పుడు ఫంక్షన్ హాలు ముందు బండి దిగితే ఎవరు ఎలా చూస్తారన్నది మన ప్రాంతంలో లెక్కలోకి రాని విషయమేమీ కాదు.

నేను చెప్పదలచినది మాత్రం దానికంటే కిందది, అంటే నిజంగానే కింద ఉన్న విషయం. సీల్‌లో బ్యాటరీ నేల అడుగున పరిచి ఉంటుంది, కారు మాత్రం స్పోర్ట్స్ బండిలా పొట్టిగా ఉండాలని గీశారు. దాంతో వెనక కూర్చున్నవారికి పాదాలు పెట్టే నేల ఎత్తుగా, సీటు తక్కువ ఎత్తులో ఉండి, మోకాళ్లు పైకి లేస్తాయి, తొడల కింద ఆనుడు సరిపోదు. చక్రాల మధ్య దూరం 2,920 మిల్లీమీటర్లు కాబట్టి కాళ్లు చాపుకోవడానికి చోటుకు లోటు లేదు, అయినా మూడు గంటలు కూర్చున్నాక పెద్దవయసు మనిషికి తేడా తెలుస్తుంది. ఇన్నోవాలోంచి దిగే అలవాటున్న మీ నాన్నగారు ఈ బండిలోంచి లేచి బయటికి రావాలి. ఖరీదైన జర్మన్ బ్రాండ్లు ఈ సంగతి ముందే గ్రహించాయి. బీఎండబ్ల్యూ మన దేశంలో 3 సిరీస్‌ను పొడిగించి, 2,961 మిల్లీమీటర్ల చక్రాల దూరంతో గ్రాన్ లిమోజిన్‌గా చెన్నైలో కూర్చి అమ్మడానికి కారణం మన దగ్గర యజమాని వెనక కూర్చోవడమే. నడిపేవాడి కోసం చేసిన సెడాన్‌కూ, వెనక కూర్చునేవాడి కోసం చేసిన సెడాన్‌కూ మధ్య తేడా ఏ ఫీచర్ల పట్టికలోనూ కనపడదు.

రోడ్డు సంగతి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. నార్కట్‌పల్లి దగ్గర ఎక్కాక విజయవాడ హైవే మీద ఏ బండైనా హాయిగానే పోతుంది. కానీ కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, ఊరూరా స్పీడు బ్రేకర్లు ఎవరి ఇష్టమొచ్చిన ఎత్తులో వారు పోసుకున్నవే. నేలకు దగ్గరగా ఉండే బండి, అందులోనూ అడుగున బ్యాటరీ ఉన్న బండి కొనేముందు, నలుగురిని ఎక్కించుకుని మీ మిల్లు గేటు దగ్గరి ఎత్తు మీద నుంచి, మీ ఊరి బ్రేకర్ల మీద నుంచి ఒకసారి పోనిచ్చి చూడండి. హైదరాబాద్ షోరూము చుట్టూ వేసే టెస్ట్ డ్రైవ్ దీనికి పనికిరాదు. విడి చక్రం ఇస్తారో, పంక్చరు కిట్టు మాత్రమే ఇస్తారో కూడా అడగండి. హాలియా దాటాక రాత్రిపూట ఆ తేడా బాగా అర్థమవుతుంది.

మీకు అభ్యంతరం లేకపోతే టయోటా క్యామ్రీ హైబ్రిడ్‌ను కూడా చూడండి. 2024 డిసెంబరులో కొత్త తరం 48 లక్షలకు వచ్చింది, కర్ణాటకలోని బిడదిలో తయారవుతుంది, వెనక సీటు మీ నాన్నగారి కోసమే చేసినట్టు ఉంటుంది. అది కూడా సామాన్యుల కంపెనీ పెద్ద సెడానే గదా.

జవాబు: సూర్యాపేట ట్యాక్స్ ప్రాక్టీషనర్

ఇద్దరూ బండి గురించి చెప్పారు. నేను ధర గురించి చెబుతాను, ఎందుకంటే ఈ పోలికలో ధరలు కొంత మోసం చేస్తాయి.

సీల్ విదేశంలో పూర్తిగా తయారై ఓడలో దిగే కారు. 40,000 డాలర్ల లోపు విలువున్న అలాంటి కారుకు దిగుమతి సుంకమే మొత్తం మీద 70 శాతం పడుతుంది. ఆ తర్వాత ఎలక్ట్రిక్ కాబట్టి జీఎస్టీ 5 శాతమే. బెంజ్ సీ-క్లాస్ మహారాష్ట్రలోని చాకన్‌లో కూర్చబడుతుంది కాబట్టి పూర్తి కారు మీద వేసే సుంకం దానికి ఉండదు, కానీ పెద్ద పెట్రోలు, డీజిలు కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. అంటే మీరు చూస్తున్న రెండు ధరల్లోనూ కారు విలువ ఎంతో, పన్ను ఎంతో వేరువేరు పాళ్లలో ఉన్నాయి. సుంకం లేకపోతే సీల్ ఈ ధరకు చాలా కిందే ఉండేది, కాబట్టి "బెంజ్‌కు దగ్గరి ధర" అన్న మాట ఆ కంపెనీ కోరుకున్నది కాదు, మన కస్టమ్స్ తెచ్చిపెట్టినది.

రిజిస్ట్రేషన్ దగ్గర లెక్క మళ్లీ తిరగబడుతుంది. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. ఖరీదైన పెట్రోలు కారుకు మాత్రం లైఫ్ ట్యాక్సు ధరలో దాదాపు ఐదో వంతు దాకా పోతుంది. అరవై లక్షల బండికి పది లక్షలకు పైగా రవాణా శాఖకే కట్టాలి. "ఇంకాస్త కలిపి బెంజ్" అని మీ మేనమామగారు అన్న ఆ ఇంకాస్త, ఎక్స్‌షోరూమ్‌లో కనిపించినంత కాకుండా, రోడ్డు ట్యాక్సు కూడా కలిపిన ఆన్‌రోడ్ ధరలో ఇరవై లక్షలకు చేరినా ఆశ్చర్యం లేదు.

అయితే తిరిగి అమ్మేటప్పుడు సంగతి వేరు. సెకండ్ హ్యాండ్ బెంజ్‌ను కొనేవాడికి ఆ మూడు కోణాల నక్షత్రం తెలుసు. పాత ఎలక్ట్రిక్ సెడాన్ కొనేవాడికి బ్యాటరీ ఎంత మిగిలి ఉందన్న భయం ముందు వస్తుంది, తర్వాతే బండి రంగు చూస్తాడు. సీల్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది కాబట్టి ఐదారేళ్లలో అమ్మదలిస్తే ఆ వారంటీ తర్వాతి యజమానికి బదిలీ అవుతుందని డీలరు చేత రాయించుకోండి. మిల్లు పేరు మీద కొంటే తరుగుదల కింద వచ్చే పన్ను మినహాయింపు సంగతి మీ ఆడిటరు గారితో మాట్లాడండి, అది బండిని బట్టి మారుతుంది.

ప్రశ్న వేసినవారు: మిర్యాలగూడ మిల్లరు

అందరికీ కృతజ్ఞతలు. వెనక సీటు సంగతి మేము ఆలోచించనే లేదు, తమ్ముడు నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ఈసారి నాన్నగారిని తీసుకువెళ్తాం. లెక్చరర్ గారిని ఒక్క మాట అడుగుతాను: కంపెనీ నిలబడుతుందా అని చూసుకోమన్నారు, బీవైడీ విషయంలో మీకేమనిపిస్తోంది? చార్జింగు గురించి కూడా చెప్పగలరు.

జవాబు: నల్లగొండ పాలిటెక్నిక్ లెక్చరర్

వర్క్‌షాపు గారి మాటను పాక్షికంగా అంగీకరిస్తాను. ఫేటన్‌ను తయారు చేస్తూనే ఉన్నారన్నది నిజం, కానీ లెక్సస్‌కు ఇచ్చినట్టు దానికి వేరే పేరు, వేరే షోరూము ఇవ్వలేదు, ఆ కొరత ఎన్నేళ్లు గడిచినా తీరలేదు.

బీవైడీ 1995లో షెన్‌జెన్‌లో బ్యాటరీల తయారీతో పుట్టి, 2003లో కార్లలోకి వచ్చింది. అంటే ఎలక్ట్రిక్ కారులో అన్నిటికంటే ఖరీదైన భాగాన్ని బయట కొనుక్కోకుండా సొంతంగా చేసుకునే కంపెనీ, ఇది చాలా ఖరీదైన బ్రాండ్లకు లేని బలం. సీల్‌లో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం, వేడికి తట్టుకోవడంలో, ఎక్కువసార్లు చార్జింగు పెట్టినా మన్నడంలో నికెల్ రకాల కంటే నమ్మకమైనది, మన నల్లగొండ ఎండలకు ఇది చిన్న విషయం కాదు. 2023లో కార్ల భద్రతను పరీక్షించే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ కారుకు ఐదు నక్షత్రాలు వచ్చాయి. కాబట్టి సాంకేతికంగా నాకు సందేహం లేదు.

సందేహమంతా ఇక్కడి పునాది మీదే. హైదరాబాద్‌లోని ఒలెక్ట్రా సంస్థ బీవైడీ పరిజ్ఞానంతో చేసిన ఎలక్ట్రిక్ బస్సులను మన ఆర్టీసీ 2019 నుంచే విమానాశ్రయం దారిలో నడుపుతోంది, ఆ రకంగా ఆ కంపెనీ మనకు కొత్త కాదు. కానీ 2023లో మేఘా ఇంజినీరింగ్‌తో కలిసి ఇక్కడ కార్ల ఫ్యాక్టరీ పెడతామని చేసిన వంద కోట్ల డాలర్ల ప్రతిపాదనను కేంద్రం తిరస్కరించింది. ఫ్యాక్టరీ లేని కంపెనీకి విడిభాగాలన్నీ ఓడ మీదే రావాలి, రెండు దేశాల మధ్య మాటలు చెడితే బంపరు కోసం కూడా ఎదురుచూడాల్సి రావచ్చు. బెంజ్‌కు ఈ ఇబ్బంది లేదు, వారు 1990ల నుంచి పుణె పరిసరాల్లో కార్లు కూరుస్తున్నారు. నా అంచనాలో సీల్ యంత్రంగా బెంజ్‌కు పోటీయే, యాజమాన్యపు నిశ్చింతలో ఇంకా కాదు.

చార్జింగుకు మీకు ఇబ్బంది ఉండదు. మిల్లులోనే ఏడు కిలోవాట్ల చార్జరు పెట్టుకుంటే 82.56 యూనిట్ల పెద్ద బ్యాటరీ కూడా ఒక రాత్రిలో, సుమారు పన్నెండు గంటల్లో, నిండుతుంది. ఒకసారి నిండా చార్జింగు పెడితే వస్తాయని కంపెనీ చెప్పే 650 కిలోమీటర్లను నమ్మి లెక్క వేసుకోవద్దు, ఏసీతో హైవే వేగంలో అది బాగా తగ్గుతుంది. తగ్గినా మిర్యాలగూడ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికి, అంటే సుమారు 300 కిలోమీటర్లకు, మధ్యలో ఆగే పని పడదు. 61.44 యూనిట్ల చిన్న బ్యాటరీ తీసుకుంటే మాత్రం నగరంలో తిరిగే కిలోమీటర్లు కూడా కలిపి చూసుకోండి. నాన్నగారు వెనక సీట్లో కూర్చుని వద్దంటే, ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వర్క్‌షాపు గారు చెప్పిన క్యామ్రీ వైపు వెళ్లండి.